అమ్మ ఈసారి చేప ప్రసాదానికి పోతానంటోంది, పంపు మానేస్తానంటోంది

నీలాంబరి | మే 24, రాత్రి 10:40

ఎక్కడ అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మకు అరవై ఒకటి. పదహారేళ్లుగా ఉబ్బసం. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉండేది, నాన్న పోయాక హైదరాబాద్‌లో నా దగ్గరికి తెచ్చుకున్నాను. రెండు పూటలా పీల్చే పంపు (ఇన్‌హేలర్) ఒకటి, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే పంపు ఇంకొకటి. ఈ రెండిటితో ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా ఆసుపత్రి మెట్లు ఎక్కలేదు.

మొన్న పక్కింటి ఆవిడ ఏం చెప్పిందో గానీ, అప్పటి నుంచి ఒకటే పాట. "మిర్గం నాడు నాంపల్లికి తీస్కపో బిడ్డా. మూడేండ్లు వరుసగ ఏస్కుంటే మొత్తానికే పోతదట. మీ నాయిన ఉన్నప్పుడే పోదామనుకున్న, కాలేదు."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మృగశిర కార్తె (అమ్మ అనే మిర్గం) మొదలయ్యే రోజున, అంటే జూన్ 7న గానీ 8న గానీ, హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం వాళ్లు ఉబ్బసానికి ఇచ్చేదే ఈ చేప ప్రసాదం. వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో పసుప్పచ్చటి ముద్ద కూరి, చేప బతికుండగానే మింగిస్తారు. చేప తిననివాళ్లకు బెల్లంలో పెట్టి ఇస్తారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ మందు చెప్పాడని, డబ్బు తీసుకోవద్దని మాట తీసుకున్నాడని ఆ కుటుంబం చెబుతుంది. ఇప్పటికీ మందుకు పైసా పుచ్చుకోరు. దూద్‌బౌలిలో ఇంటి దగ్గర ఇచ్చేవాళ్లు, జనం పెరిగి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. కరోనా వల్ల మూడేళ్లు ఆగి 2023లో మళ్లీ మొదలైంది.

చేప మింగడం గురించి నాకు పెద్ద దిగులు లేదు. మింగిన రోజు నుంచి నలభై అయిదు రోజులు పంపు ముట్టనంటోంది, అదీ నా దిగులు. "రెండు పడవల మీద కాళ్లు పెడితే దేవుడు నమ్ముతడా?" అని అడిగింది. నోట మాట రాలేదు నాకు. లెక్కలు చెప్పి ఒప్పిద్దామంటే, ఆమె లెక్కలేసుకుని ఆ మాట అనలేదు కదా.

ఆపాలా? తోడు పోవాలా?


శ్వాస | మే 24, రాత్రి 11:25

నీలాంబరి గారూ, నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. అన్నిటికన్నా ముందు ఒక్క మాట. రోజూ పీల్చే మందును ఆపనివ్వకండి.

ఉబ్బసం ఉన్నవాళ్లకు శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆ వాపును అణచి ఉంచేది ఆ రెండు పూటల మందే. ఆపిన మర్నాడు ఏమీ కాదు. ప్రమాదం అక్కడే ఉంది. వారం, పది రోజులు హాయిగా గడుస్తాయి, "చూశావా, పంపు లేకుండానే ఉన్నా" అనిపిస్తుంది. తొలకరి పడి, గోడలకు చెమ్మ పట్టి, ఇంట్లో ఎవరికో జలుబు చేసి అది ఆమెకు అంటుకుంటే, ఒక్క రాత్రిలో మీదికి వస్తుంది. జూన్, జూలై నెలల్లో అలా వచ్చేవాళ్లను నేను ప్రతి ఏడాదీ చూస్తాను.

2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న పరిశోధన వచ్చింది. నాకు అది ఎప్పుడూ గుర్తుంటుంది. అవే ఉబ్బసం రోగులకు ఒకరోజు అసలు పంపు ఇచ్చారు, ఒకరోజు మందు లేని పంపు ఇచ్చారు, ఒకరోజు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు, ఒకరోజు ఏమీ చేయకుండా కూర్చోబెట్టారు. "ఎంత మేలు అనిపించింది?" అని అడిగితే అసలు మందుకు 50 శాతం మేలన్నారు. మందు లేని పంపుకు 45, ఉత్తుత్తి సూదులకు 46. ఊరికే కూర్చున్న రోజుకు 21. ఆ తర్వాత గొట్టంలోకి ఊదించి కొలిచారు. అసలు మందుతో 20 శాతం మెరుగు కనిపించింది, మిగతా మూడిట్లోనూ 7 శాతం దగ్గరే ఆగిపోయింది.

ఆ రోగులు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు నిజంగానే తేలికగా అనిపించింది. నాళాలు మాత్రం బిగుసుకునే ఉన్నాయి. నేను భయపడేది ఈ తేడాకే.

ఊపిరి ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనండి. పొద్దున, రాత్రి గట్టిగా ఊదించి అంకె రాసిపెట్టండి. ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, చేప వేసుకునే ముందు వారం అంకెలు మనకు కావాలి.


సూటిగా | మే 25, ఉదయం 6:50

బతికున్న చేప మింగితే జబ్బు పోతుందని నమ్మేవాళ్లకు ఎవరు చెప్పినా ఎక్కదు. చదువుకున్న పిల్లలే చెయ్యిపట్టుకుని తీసుకెళ్తుంటే ఇక వాళ్లననేదేముంది.


నీలాంబరి | మే 25, ఉదయం 8:15

సూటిగా గారూ, మా అమ్మ ఏడో తరగతి వరకే చదివింది. నూటికి రెండు రూపాయల వడ్డీ ఎన్ని నెలలకైనా నోటితోనే కడుతుంది. విత్తనాల ప్యాకెట్ చేత్తో ఆడించి కల్తీదో కాదో చెప్పేది, నాన్న ఆమెను అడగకుండా కొనేవాడు కాదు. ఆమెకు తర్కం లేదనకండి. గుడి ముందు చెప్పులు విడిచినట్టు, ఈ ఒక్క విషయంలో దాన్ని గడప బయట విడిచిపెడుతుంది. తెలిసే విడుస్తుంది. నాకు అర్థం కానిది అదే.

డాక్టర్ గారూ, మీటర్ ఆర్డర్ పెట్టాను.


పాలపిట్ట | మే 25, మధ్యాహ్నం 1:30

అక్కా, మా మేనమామ ముచ్చట చెప్త. మాది వరంగల్ దిక్కు. మామ మూడేండ్లు వరుసగ చేప ఏస్కున్నడు. ఉబ్బసం తగ్గింది, అబద్ధం కాదు, నేను కండ్లార చూసిన. గని అదే ఏడాది బీడీలు బంద్ జేశిండు, పత్తి జిన్నింగు మిల్లుల పని ఇడిశిపెట్టి కిరాణం దుకాణం పెట్టుకున్నడు. నలభై అయిదు దినాలు పత్తెం గూడ గట్టిగనే పట్టిండు. ఇండ్ల ఏది తగ్గించిందో ఎట్ల తెల్వాలె? నేను అడిగితే "చేపనే" అంటడు. దూది పొట్టు సంగతి తీస్తే నవ్వి ఊకుంటడు.

మిర్గం నాడు మా ఇంట్ల అందరం ఇంగువ బెల్లం తింటం, చేపల కూర వండుకుంటం. ఎందుకని ఎవ్వరం అడగం. తినకపోతే ఆ దినం మిర్గం లెక్కనే అనిపియ్యది.


హేతువు_బెజవాడ | మే 25, రాత్రి 9:05

మాది విజయవాడ పటమట. గోరా గారు (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో మా ఊరికి వచ్చింది. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. నేను పెరిగింది ఆ గాలిలోనే. నిప్పుల మీద నడక వాళ్లు జనం ముందు చేసి చూపించేవాళ్లు. నాకు పన్నెండేళ్లప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని నేనూ నడిచాను. బూడిద కమ్మిన బొగ్గు వేడిని మెల్లగా వదులుతుంది, అరికాలు ఒక్కో చోట తాకేది అరసెకను కూడా ఉండదు. అంతే దాని రహస్యం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, భయం వల్ల కాదు. మా నాయనమ్మ అన్నాళ్లూ అమ్మవారి మహిమ అని చెప్పినదాన్ని నా కాళ్లతో నేనే చేశాను కదా అని.

1995 సెప్టెంబర్ 21 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా స్పూన్లు పట్టుకుని గుళ్ల ముందు నిలబడింది. ఢిల్లీ నుంచి ప్రభుత్వ శాస్త్రవేత్తలు వెళ్లి, పాలలో రంగు కలిపి చూపించారు. తలతన్యత (ద్రవం పైభాగం సాగిన పొరలా ఉండే గుణం) వల్ల స్పూన్ అంచు నుంచి జారిన పాలు పల్చటి పొరగా విగ్రహం మీదుగా కిందికి పోతున్నాయి. రంగు వేయగానే దారి కనబడింది. చూసినవాళ్లలో ఎంతమంది నమ్మకం మార్చుకున్నారో నాకు తెలియదు. మా వీధిలో ఒక్కరూ మార్చుకోలేదు.

ఇక చేప దగ్గరికి వద్దాం. ఒకప్పుడు దీన్ని అందరూ "చేప మందు" అనేవాళ్లు. మందు అయితే పరీక్షకు పెట్టండని సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు అడిగారు, గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఇప్పుడు "చేప ప్రసాదం" అంటున్నాం. నీలాంబరి గారు కూడా అలాగే రాశారు చూడండి. మాట ఒక్కటే మారింది, మింగేది ఆ చేపనే, ఆశించేది ఆ ఫలితాన్నే. మందును "పనిచేస్తుందా?" అని అడగొచ్చు. ప్రసాదాన్ని అలా అడిగితే తప్పు. అదీ జరిగిన మార్పు.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అంటుంది. కొర్రమీను పిల్లలను సమకూర్చేది ప్రభుత్వ మత్స్యశాఖే. నాకు కడుపు మండేది ఇక్కడ.

ఆపండమ్మా. మొహమాటపడకండి.


తాటాకు | మే 26, ఉదయం 5:40

కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. హేతువు గారి మాటలో మాట మార్పిడి గురించిన భాగం నాకు బాగా నచ్చింది. ఇంకో మాట నేను కలుపుతాను.

"అనుమానం" అన్న మాటను తెలుగులో మనం శంక అనే అర్థంలో వాడుతున్నాం. తర్కశాస్త్రంలో అనుమానం అంటే ఊహించి తేల్చడం. కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి నిప్పు ఉంది. అదీ అనుమానం. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, తెలుసుకునే మార్గాలుగా నాలుగు ప్రమాణాలు ఒప్పుకున్నారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట). చార్వాకులు కళ్లకు కనిపించేది తప్ప మరొకటి ఒప్పుకోలేదు. ఆలోచించి తేల్చే పద్ధతికి పెట్టుకున్న పేరు మన ఇళ్లలో "దేవుడి మీద అనుమానమా?" అనే నింద ఎప్పుడయిందో!

లోకం కుండలాంటిది, కుమ్మరి ఒకడు ఉండి తీరాలి అని అనుమానంతో ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ఉదయనుడు వంటి నైయాయికులు ప్రయత్నించారు. దాన్ని గట్టిగా కాదన్నది ఎవరనుకుంటున్నారు? రామానుజాచార్యులు. పెద్ద మేడను ఎందరో కలిసి కడతారు, లోకాన్ని మాత్రం ఒక్కడే కట్టాడని ఎలా తేలుస్తారు అని అడిగారు. ఈశ్వరుడు అనుమానానికి అందడు, వేదశాస్త్రం వల్లే తెలుస్తాడు అన్నారు. అంతటి భక్తుడు రుజువులు వద్దన్నాడు, నాస్తికుడు కాదు!

నీలాంబరి గారికి ఇది ఎందుకు చెబుతున్నానంటే, రుజువు అవసరం లేని నమ్మకం ఆయనది. మీ అమ్మగారు పంపు ఆపి, తగ్గిందో లేదో చూద్దామంటున్నారు. అది రుజువు కోరడమే. ఆమె అనుకుంటున్నంత గుడ్డి నమ్మకం కాదది, పరీక్ష.


స్వర్ణాల చెరువు | మే 26, మధ్యాహ్నం 12:20

మాది నెల్లూరు. మాస్టారు చెప్పింది చదివినాక నా సంగతి చెప్పాలనిపించింది. ఇంతవరకు ఎక్కడా రాయలా.

మా ఊళ్లో మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. మతంతో పనిలేదు, అందరం పోతాం. చెరువులో మోకాటి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటాం. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుని తింటారు. తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె తెచ్చి ఇస్తారు.

దీంట్లో తిరకాసు నాకు తెలుసు. తీరినవాళ్లే రొట్టె తెచ్చి ఇస్తారు కాబట్టి చెరువులో చేయి చాచినోడికి ఎదురయ్యేది తీరినవాళ్లే. తీరనివాళ్లు ఇంటికాడ ఉండిపోతారు, లేదంటే మళ్లీ చేయి చాచేవాళ్లలో కలిసిపోతారు. ఎవురూ లెక్కపెట్టరు. నేను బ్యాంకులో పనిచేస్తా, ఆ మాత్రం లెక్క తెలుసు.

నేనూ మా ఆవిడా ఏడు సంవత్సరాలు సంతానం రొట్టె తీసుకున్నాం. పిల్లలు పుట్టలా. పుట్టరని డాక్టర్లు నాలుగో ఏడే చెప్పేశారు. ఐదో ఏడు ఎందుకు పోయామని అడిగితే నాకాడ జవాబు లేదు. ఒకావిడ ఒళ్లో చంటిబిడ్డతో వచ్చి మా ఆవిడ చేతిలో రొట్టె పెట్టి, తడి చేత్తో ఆమె బుగ్గ నిమిరింది. ఏం మాట్లాడలా. మా ఆవిడ ఆ రొట్టె నీళ్లలోనే నిలబడి ఏడుస్తా తినింది. తీరదని తెలిసే తినింది.

ఇప్పటికీ పోతాం. ఇప్పుడు ఏమీ కోరుకోం. పనిచేస్తుందని పోవడం వేరు, పోవడం వేరు. మీ అమ్మగారిది రెండింట్లో ఏదో కనుక్కోండమ్మా.


డాలస్_వాన | మే 26, రాత్రి 8:45

చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను, అన్నా.

నాదీ ఇలాంటిదే, చిన్నది. 2014లో చిలుకూరు బాలాజీ గుళ్లో పదకొండు ప్రదక్షిణలు చేశాను. వీసా వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుని వచ్చాను. నాతో పాటు నా రూమ్మేటూ అదే రోజు పదకొండూ తిరిగింది. ఆమె పేరు లాటరీలో రాలేదు. మా ఇద్దరిలో ఎవరి భక్తి తక్కువ? తనకు రానందుకు నాకు వచ్చింది దేవుడి దయ అనడానికి నోరు రాలేదు. అప్పటి నుంచి "దయ" అన్న మాట జాగ్రత్తగా వాడుతున్నాను.

ప్రార్థన మీద 2006లో ఇక్కడ పెద్ద పరిశోధన ఒకటి వెలువడింది. ఆరు ఆసుపత్రులు, బైపాస్ ఆపరేషన్ అయిన 1,802 మంది. కొందరి కోసం ప్రార్థన చేయించారు, కొందరి కోసం లేదు, ఇద్దరికీ ఆ సంగతి కచ్చితంగా తెలియదు. ఇక్కట్లు వచ్చినవాళ్లు ఒక గుంపులో 52 శాతం, ఇంకో గుంపులో 51. మూడో గుంపుకు "మీ కోసం ప్రార్థిస్తున్నారు" అని చెప్పి మరీ చేయించారు. వాళ్లలో 59 శాతం. మా అమ్మ మాత్రం నా ప్రతి ఇంటర్వ్యూకి దీపం పెడుతూనే ఉంది. వద్దని నేను ఎప్పుడూ అనలేదు, అననూ.


లిల్లీపూలు | మే 27, ఉదయం 10:10

ఇంతమంది మర్యాదగా మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మేము క్రైస్తవులం, గుంటూరు.

శిష్యుడైన తోమా, యేసు గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు. "చూడక నమ్మినవారు ధన్యులు" అన్నది ఆయనకు ప్రభువు చెప్పిన మాట. ఆ వాక్యం మా ఇంట్లో గోడ మీద ఉంది. ఆ వాక్యం పట్టుకునే మా అన్న ఇన్సులిన్ ఆపేశాడు. ఒక స్వస్థత సభకు వెళ్లి వచ్చాడు, వేదిక మీద నుంచి "నమ్మితే సీసాలు పారేయండి" అన్నారట. పారేశాడు. నాలుగో రోజు వాంతులు, పొట్ట నొప్పి, ఊపిరి తీస్తుంటే పళ్లరసం వాసన. ఐసీయూలో ఆరు రోజులు. బతికాడు, దేవునికి స్తోత్రం, ఆ ఐసీయూలో పనిచేసినవాళ్లకు కూడా.

అన్న ఇంటికొచ్చాక మా పాస్టర్ గారు వచ్చి ఇంకో వాక్యం చదివారు. సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అంటాడు. నీ దేవుణ్ణి శోధించకూడదు అని ఆయన జవాబు. శోధించడం అంటే పరీక్ష పెట్టడం. "నువ్వు దూకావు నాయనా" అన్నారు పాస్టర్ గారు. అన్న ఇప్పుడు ఇన్సులిన్ వేసుకునే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు, తర్వాత సూది గుచ్చుకుంటాడు.

మాస్టారు పరీక్ష అన్నప్పుడు నాకు ఆ రోజు గుర్తొచ్చింది.


నీలాంబరి | మే 29, రాత్రి 11:00

అందరికీ దండాలు. లిల్లీపూలు అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

నిన్న మాస్టారి మాట, అక్క మాట కలిపి అమ్మతో మెల్లగా కదిపాను. గజేంద్రుడి కథ తీశాను, ఆమెకు కంఠతా వచ్చు. "ఏనుగు వెయ్యేండ్లు తన బలంతోనే కొట్లాడింది కదమ్మా, కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు కదా, నువ్వెందుకు పంపు విడుస్తవ్?" అన్నాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అంది:

"కొట్లాడినన్ని దినాలు దేవుడు రాలే గదనే. 'లావొక్కింతయు లేదు' అన్నంకనే వచ్చిండు."

ఏం చెప్పను? కథ ఆమె వైపే ఉంది. ఆ ఏనుగు కూడా మొసలి నోట్లో ఉండి, ఉన్నాడంటారు, అసలు ఉన్నాడో లేడో అని సందేహపడిందని అందామనుకున్నా, నోరు రాలేదు.

పీక్ ఫ్లో మీటర్ వచ్చింది. దాన్ని ఊదడం మాత్రం ఆమెకు నచ్చింది. అంకెలు రాయడానికి డైరీ ఇస్తే పక్కన పెట్టి, తన రామకోటి పుస్తకంలో పేజీ అంచున రాసుకుంటోంది. 230. 240. శ్రీరామ శ్రీరామ శ్రీరామ. 220.


హేతువు_బెజవాడ | మే 29, రాత్రి 11:35

రామకోటి రాస్తారా? అయితే ఒకటి చెబుతాను. ఇది నా నోటి నుంచి రావాల్సిన మాట కాదు, అయినా చెబుతాను.

లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు రాముడు కళ్లు మూసుకుని కూర్చోలేదు. సుషేణుడు ఫలానా మొక్క కావాలన్నాడు. హనుమంతుణ్ణి పంపించి కొండంత మందు తెప్పించారు. దేవుడని మీ అమ్మగారు కోటిసార్లు రాస్తున్న మనిషి తమ్ముడికి వైద్యమే చేయించాడు. ఆమె దేవుడు మందు వాడాడు. నాకు ఆ కథ మీద నమ్మకం లేదు. ఆమెకు ఉంది. ప్రాణం ముఖ్యం.


సూటిగా | మే 30, ఉదయం 7:20

హేతువు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఇది హేతువాదమా? ఒక నమ్మకాన్ని ఇంకో నమ్మకంతో కొట్టడమేగా. రేపు ఇంకొకరు ఇంకో కథ చెప్పి పంపు మాన్పిస్తే? ఆలోచించడం నేర్పకుండా కథ మార్చి ఇస్తే అరవై ఒకటేళ్ల మనిషిని చిన్నపిల్లను చేసినట్టు కాదా?


హేతువు_బెజవాడ | మే 30, ఉదయం 9:00

మీరన్నది నిజం. రాత్రి రాసేటప్పుడు నా చెయ్యి ఆడలేదు. మా నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కానీ ఆయన నా చెయ్యి పట్టుకుని నిప్పుల మీద నడిపించినప్పుడు కూడా ముందు వేడి సూత్రం చెప్పలేదు. "నేనున్నా, రా" అన్నాడు. సూత్రం నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఆ రోజు నేను అడుగు వేసింది ఆయన మీద నమ్మకంతోనే. ఈ సంగతి ఇప్పుడే, మీకు జవాబు రాస్తుంటే తట్టింది. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తెలియట్లేదు.


తాటాకు | మే 30, ఉదయం 9:40

దానికి ఆప్తవాక్యం అని పేరుంది, నాయనా. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. విషయం తెలిసినవాడై, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడై ఉండాలి. మీ నాన్నగారికి రెండూ ఉన్నాయి. వేదిక మీద నుంచి సీసాలు పారేయమన్నవాడికి మొదటిది లేదు.


నీలాంబరి | జూన్ 9, సాయంత్రం 6:15

వెళ్లాం. నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం.

సుషేణుడి మాట వారం క్రితమే చెప్పాను. ఏమీ అనలేదు. ఊ అనలేదు, ఉహూ అనలేదు. నిన్న ఆటో ఎక్కేటప్పుడు చూస్తే చేతిసంచిలో నీళ్ల సీసా పక్కన రెండు పంపులూ ఉన్నాయి. నేను పెట్టలేదు. అడగలేదు కూడా.

మైదానంలో బారికేడ్ల మధ్య వరుసలు, వరుసల మధ్య ప్లాస్టిక్ మగ్గులతో నీళ్లు పోసే స్వచ్ఛంద సేవకులు. మా ముందు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కుటుంబం, తండ్రి భుజం మీద ఆరేళ్ల పిల్ల, పిల్ల ఛాతిలో ఈల నాకు వినిపిస్తోంది. మత్స్యశాఖ కౌంటర్ దగ్గర డబ్బు కట్టి చేప పిల్లను తీసుకున్నాం. పాలిథిన్ సంచిలో గుక్కెడు నీళ్లు, అందులో నల్లటి కొర్రమీను పిల్ల. అమ్మ ఆ సంచిని రెండు చేతుల్లో పట్టుకుని, చేపకు ఊపిరి ఆడదేమోనని మాటిమాటికీ మూతి వదులు చేసింది. తనకు ఆయాసం వస్తున్నా అదే చేసింది.

రెండు గంటలు నిలబడ్డాక దుమ్ముకి ఆయాసం ఎక్కువైంది. కింద కూర్చుంది. సంచిలోంచి నీలం పంపు తీసి, నా వైపు చూడకుండా, రెండుసార్లు పీల్చింది. పది నిమిషాలు ఆగింది. కొంగుతో మూతి తుడుచుకుని మళ్లీ వరుసలో నిలబడింది.

లోపల ఒకాయన చేప నోరు బొటనవేలితో తెరిచి, శనగగింజంత పచ్చముద్ద కూరి, "నాలుక బయట పెట్టమ్మా" అని గొంతులోకి జార్చాడు. రెప్పపాటు. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "తోక కొట్టుకుంటున్నది" అంది. నేను భయపడ్డాను. ఆమె నవ్వింది. నాన్న పోయాక అలా నవ్వడం నేను చూడలేదు.

నాకు చేప మీద నమ్మకం లేదు. నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ లేదు, తక్కువా లేదు. ఆ మహారాష్ట్ర పిల్ల చేప మింగలేక కక్కుకుంది, వాళ్ల నాన్న కింద పడిన చేపను ఏరుతూ ఏడ్చాడు. వాళ్ల దగ్గర పంపు ఉందో లేదో అడగాలనుకున్నా, హిందీ తడబడి అడగలేకపోయాను. ఇంటికొచ్చినప్పటి నుంచి అదే గుచ్చుకుంటోంది.


శ్వాస | జూన్ 9, రాత్రి 10:00

మీరు అడగాల్సింది అక్కడుండే డాక్టర్లు, అధికారులు అడగాలి. మీరు గుచ్చుకోవద్దు. అంకెలు రాయడం ఆపకండి. పంపు పీల్చాక నోరు పుక్కిలించమనండి.


పాలపిట్ట | జూన్ 10, ఉదయం 7:05

అక్కా, మీ అమ్మ చేపకు ఊపిరాడతలేదని సంచి మూతి వదులు చేసిందని చదివి మా మామకు ఫోన్ జేసిన. ఊకెనే. ఎట్లున్నవ్ అని.


నీలాంబరి | జూలై 24, రాత్రి 9:30

నిన్నటితో నలభై అయిదు రోజులు అయిపోయాయి. డాక్టర్ గారు అడిగారు కాబట్టి రామకోటి అంచున ఉన్న అంకెలు పెడుతున్నా.

జూన్ మొదటి వారం, పొద్దున పూట: 230, 240, 220, 230, 240, 230, 230.
ఈ వారం, పొద్దున పూట: 240, 230, 230, 240, 220, 240, 230.

మధ్యలో జలుబు చేసి జూలై 6న 190కి దిగింది, మూడు రోజుల్లో మళ్లీ ఎక్కింది.

అమ్మ మాత్రం "గుండెల తేలికగ ఉన్నది బిడ్డా" అంటోంది. మెట్లు ఎక్కి పైకి వస్తోంది, సాయంత్రం పార్కుకు పోతోంది. రెండు వారాల అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కొక్కటీ చూసింది. వడ్డీ లెక్కలు కట్టే మనిషి, ఆమెకు నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పుస్తకం మూసింది.

"మూడేండ్లు ఏస్కోవాలె అన్నరు గద" అంది.


శ్వాస | జూలై 24, రాత్రి 9:50

పంపు?


నీలాంబరి | జూలై 24, రాత్రి 9:52

పీలుస్తోంది. రెండు పూటలా. పీల్చే ముందు "రామా" అంటోంది.